కనురెప్పల రంగు: వెలయును గుణమును



ఈ మాసము ఐషాడోను గూర్చి వ్రాయబోవుచున్నామని చెప్పగా మా పంతులుగారు నవ్వి, "బడిపంతులు ఇల్లాలికి దానితో నేమి పని?" యని యడిగిరి. పని కలిగినది. ఎట్లు కలిగినదో విన్నవించెదము.

మొన్న మాఘమాసములో మా మరిదిగారి కుమార్తె వివాహము మా గూడూరులోనే జరిగెను. అమెరికాలో డల్లాసు నగరమున కాపురముండు మా ఆడపడుచు కుమార్తె పది దినములు ముందుగా వచ్చి పెండ్లికూతురికొక సీసాయు, మా అమ్మాయికొక సీసాయు కానుకగా నిచ్చెను. రెండును ద్రవరూపమైన ఐషాడోలే. మూతకు అతికియున్న చిన్న కుంచెతో కనురెప్పపై పూసికొనిన నిమిషములో నారి, చింతపండుతో తోమిన రాగిచెంబువలె మెరయును. పెండ్లికూతురి సీసా బరువైన గాజుతోను బంగారువన్నె మూతతోను నుండెను. మా పిల్లదానిది తేలికైన ప్లాస్టికు గొట్టము. దానిపై వెలచీటి యూడక నిలిచియుండెను: 6 డాలర్లు. గాజుసీసా 28 డాలర్లని పెండ్లికూతురే యందరకును చెప్పెను.

పెండ్లికూతురికి ఘనమైన కానుక యిచ్చుట లోకమర్యాద. అందు తప్పెన్నుటకు లేదు. కాని చుట్టముల పిల్లలలో నొకతె మా యమ్మాయి చేతిలోనిదానిని చూచి, "ఓహో, డ్రగ్‌స్టోరు సరుకా!" యని నవ్వినదట. ఆ రాత్రి మా పదునాఱేండ్ల పిల్ల మా ప్రక్కన పడుకొని, "అమ్మా, నాన్నగారు బడిపంతులు గనుకనే వదిన నాకిది తెచ్చినదా?" యని యడిగెను. ఏమి చెప్పుదుము? మేనకోడలి మనసులో నేమున్నదో మేమెరుగము. సీసాలో నేమున్నదో మాత్రము తెలిసికొనవచ్చును గదా యని మరునాడు రెండింటిని తెచ్చి ముందు పెట్టుకొంటిమి.

అమెరికాలో మందుల అంగడిని డ్రగ్‌స్టోరు అందురు. అచట తలనొప్పి మాత్రలు, సబ్బులు, దువ్వెనలతో బాటు అలంకార వస్తువులును అమ్ముదురు. పెద్ద పేరుగల వస్తువులు వేరుగా అద్దాల మేడలవంటి అంగళ్లలో నుండును. ఇంతమాత్రముచేత నొకటి దొరసానియు వేరొకటి దాసియు ననుకొనుట పొరపాటు. ఫ్రాన్సు దేశపు లోరియాల్ సంస్థనే చూడుడు. ఘనులు కొను లాంకోమ్ దానిదే. మందుల అంగడిలో దొరకు మేబెలిన్‌ను 1996లో కొన్నదియు నాసంస్థయే. ఒక యింట పుట్టిన అక్కచెల్లెండ్రలో నొకతెను జమీందారుకును, ఒకతెను గుమాస్తాకును ఇచ్చినట్లున్నది. మన దేశపు లాక్మేకును ఇటువంటి కథ కలదు. 1952లో టాటావారి నూనెమిల్లుల సంస్థ దానిని స్థాపించెను. లక్ష్మి యను పేరే ఫ్రెంచివారి నోట లాక్మే యయినది. మనము పరదేశపు పేరని మురిసినది మన వాకిట ముగ్గువేసి పిలుచుకొను తల్లి పేరే!

గొట్టముపై సన్నని యక్షరములతో నచ్చువేసిన ద్రవ్యముల పట్టికను పంతులుగారు కండ్లజోడు తుడుచుకొని చదివి చెప్పిరి. ఎక్కువ పాళ్లుగలది ముందును, తక్కువది తరువాతను వ్రాయవలెనని నియమము. రెండింటను ముందున్నది నీరు. తరువాత తడియారగా రెప్పపై సన్నని పొరగా నిలుచు జిగురు, కొంచెము గ్లిసరిను, బూజుపట్టకుండ కలిపిన మందు. మెరుపునిచ్చునది రెండింటను ఒకటే: మైకా.

మైకా యనగా అభ్రకము. ఆ మాట వినినతోడనే మాకు నవ్వును, వెనుకనే మఱియొక భావమును గలిగినవి. గూడూరు, సైదాపురము, రాపూరు సీమలవారికి అభ్రకమును గూర్చి చెప్పవలెనా? మా చిన్నతనమున గనుల దారిలో మెరయు రేకులను ఏరి కాకిబంగారమని కొంగున ముడివైచుకొనెడివారము. ఆకుపచ్చని ఛాయగల మా నెల్లూరి యభ్రకము విద్యుత్పరికరములకై దేశదేశములకు పోయినది. దానినే మెత్తగా పొడిచేసి, టైటానియము భస్మమునో ఇనుపతుప్పునో పలుచని పూతగా పట్టించిన, పూత మందమును బట్టి ముత్యపు కాంతియు, రాగి కాంతియు పుట్టును. పొడి మిక్కిలి మెత్తనైన పట్టువలెను, గరుకైన చమ్కీవలెను మెరయును. ఖరీదు సీసాకు ప్రత్యేకముగా స్వర్గమునుండి వేరు అభ్రకము దిగిరాదు.

ఇచటనే ఒక చేదుమాటయు చెప్పక తప్పదు. జార్ఖండు, బీహారు అడవులలో పాడుపడిన గనుల యందు బడికి పోవలసిన పసివారు అభ్రకము ఏరుచుండుటయు, మట్టి విరిగిపడి కొందరు మరణించుటయు లోకమునకు వెల్లడియైనవి. అందుచే 2017లో కొన్ని పెద్ద సంస్థలు కూడి, రెస్పాన్సిబుల్ మైకా ఇనీషియేటివ్ అను సంఘమును నెలకొల్పినవి. కొందరు యంత్రశాలలలో చేసిన కృత్రిమాభ్రకమును వాడుచున్నారు. సీసా వెల చూచి యేది పసివాని చేతినుండి వచ్చినదో, యేది రాలేదో చెప్పుట సాధ్యము కాదు. బడిపంతులు కుటుంబమువారము గనుక ఈ విషయము మమ్ము ఎక్కువగా బాధించినది.

ఇక పరీక్ష. పెండ్లికి మూడు దినములు ముందు, పెండ్లికూతురి యనుమతితో, కుడి రెప్పపై 28 డాలర్లదియు ఎడమ రెప్పపై 6 డాలర్లదియు ఉదయము 6 గంటలకు పూసికొని అరిసెల మూకుడు ముందు కూర్చుంటిమి. మా అత్తగారు చూచి, "అమ్మాయీ, కండ్లకేమైనా తగిలినదా?" యని కంగారుపడిరి. చేయిచాపు దూరమునుండి యేది యేదో పంతులుగారును చెప్పలేకపోయిరి. దగ్గరగా చూచిన ఖరీదైనది తడిసిన పట్టువలె సమముగా నుండెను. చౌకదానిలో రేణువులు విడివిడిగా కనబడెను. చౌకది త్వరగా ఆరును గనుక సరిదిద్దుకొను వ్యవధి తక్కువ. మధ్యాహ్నమునకు రెప్ప మడతలో సన్నని గీత యేర్పడెను. ఇది మేము రెండవపూత వేసిన దోషమని మరునాడు తెలిసినది: పలుచగా నొకపూత వేసి, కన్ను మూసికొని అరువది లెక్కపెట్టిన ఆ గీత రాలేదు. తుడుచునప్పుడు చౌకది గోరువెచ్చని నీటికే వదలినది. ఖరీదైనదానికి దూదిపై కొబ్బరినూనె పెట్టి ఓపికపట్టవలసివచ్చినది.

పంతులుగారు లెక్కవేసిరి. గాజుసీసాలో 4.5 మిల్లీలీటర్లు, గొట్టములో 3. సీసా వెలను చూచిన నాలుగున్నర రెట్లకు మించిన భేదము; మిల్లీలీటరు లెక్కన 6 డాలర్ల 22 సెంట్లకు 2 డాలర్లు, అనగా మూడు రెట్లు. గుణములో మూడు రెట్ల భేదము మాకు కనబడలేదు. మెత్తదనమున కొంత మేలున్నమాట నిజము. తక్కినది గాజునకును, మూతకును, పేరునకును చెల్లు సుంకము.

పెండ్లినాడు జరిగినది వినుడు. ఖరీదు సీసా విడిదింట ఆరుగురు పిల్లల చేతులు మారినది. అదే కుంచె ఒకరి రెప్పనుండి ఒకరి రెప్పకు పోయి మరల సీసాలో మునిగినది. మా అమ్మాయి గొట్టమును ఎవ్వరు నడుగలేదు. మూడవనాటి ఉదయమున వారిలో నిద్దరికి కన్నులు ఎఱ్ఱబారి పుసులు గట్టినవి. వైద్యుడు చుక్కలమందిచ్చి, కంటి రంగు పంచుకొనుట యనగా కంటి రోగమును పంచుకొనుటయే యని మందలించిరట. పొడిరంగుకన్న నీరుగల రంగులో క్రిములు సులువుగా పెరుగును. కలిపిన మందు కొంతవరకే కాపాడును. అందుచే సీసాపై మూతతీసిన డబ్బా బొమ్మయు, అందులో 6 అనియో 12 అనియో అంకెయు నుండిన, తెరచిన తరువాత అన్ని నెలలే వాడవలెనని యర్థము.

ఈ భద్రత యూరక రాలేదు. 1933లో అమెరికాలో అలంకారశాలలయందు కనురెప్పల వెండ్రుకలకు వేసిన లాష్ లూర్ అను రంగువలన ఒక స్త్రీ చూపు కోల్పోయెను. ఇట్టి ఘోరములు చూచి 1938లో అచట చట్టము చేసిరి. మన దేశమున 1940నాటి చట్టమును, 2020నాటి సౌందర్యద్రవ్యముల నియమములును కలవు. తయారుచేసినవారి చిరునామా, బ్యాచి సంఖ్య, గడువు సీసాపై నుండవలెను. ఇవి లేక, పెద్దపేరు మాత్రము తగిలించుకొని తిరునాళ్ల బల్లపై నూరు రూపాయలకు దొరకు సీసాను మాత్రము ముట్టకుడు. చౌకసరుకునకును దొంగసరుకునకును చాల భేదము కలదు.

మన కాటుకయే మేలని కొందరు పెద్దలందురు. ఆముదపు దీపపు మసితో ఇంట చేసికొన్న కాటుకను మేమును పెట్టుకొందుము. కాని సుర్మా పేర అంగడిలో నమ్ము నల్లరాతిపొడి తరచుగా సీసపు గంధకమే. వాగ్భటుడు నిత్యము వాడుమనిన సౌవీరాంజనము వేరు, దాని పేర అమ్మునది వేరు. పసిపిల్లల కన్నులకు దానిని పెట్టకుడు. సీసము పిల్లల బుద్ధివికాసమును చెఱచును.

ప్రయాణమునకు ముందు మేనకోడలు మా యింట భోజనమునకు వచ్చి, చేతిసంచి వెదకి దువ్వెన తీయుచుండగా, మా యమ్మాయి గొట్టమువంటిదే, అదే రంగుది, సగము వాడినది చాపపై పడెను. "రోజూ ఆఫీసుకు ఇదే వేసుకొందును, అత్తయ్యా" యని యామె దానిని మరల సంచిలో పడవైచికొనెను. మా యమ్మాయి ఏమియు ననక ఆమె విస్తరిలో మఱియొక అరిసె వడ్డించి, లోనికి పోయి, తన గొట్టముపై తెరచిన తారీకును చీటివ్రాసి యంటించినది.