తనిఖీ ద్వారమున కృత్రిమపాదము

మన జిల్లాలో ఓర్వకల్లు వద్ద 2021వ సంవత్సరము మార్చినెలలో విమానములు దిగ నారంభించినది మొదలు, పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల యిండ్లలో సైతము విమానప్రయాణపు మాట తఱచుగా వినబడుచున్నది. కొడుకు లున్నచోటికి బోవుటకై ముదుసళ్లు బెంగుళూరికో శంషాబాదుకో పోయి విమాన మెక్కుట యిపుడు వింత గాదు. టిక్కెట్టును గూర్చియు, ఊరగాయ మూటను గూర్చియు నందఱును మాటాడుదురు గాని, కాలికి ఇనుప కడ్డీల పట్టీ గట్టుకొని నడచు స్త్రీ యచ్చటి తనిఖీ ద్వారమున నెట్లు నిలువవలెనో యెవరును చెప్పరు. ఈ నెల దానిని గూర్చియే వ్రాయనెంచితిమి.

సుధాచంద్రన్‌గారిని మన సోదరీమణు లెఱుగుదురు. 1981లో తిరుచిరాపల్లి సమీపమున జరిగిన ప్రమాదమువలన కుడికాలు గోల్పోయి, జయపూరు పాదము దొడిగికొని మరల నాట్యమాడిన విదుషీమణి. ఆమె కథనే సింగీతము శ్రీనివాసరావుగారు ‘మయూరి’ యను పేర తెలుగున చలనచిత్రముగా దీసిరి, అందామెయే నటించిరి. అట్టి యామె 2021 అక్టోబరులో, విమానాశ్రయమునకు బోయిన ప్రతిసారియు కృత్రిమపాదమును విప్పి చూపుమనుచున్నారని ప్రధానమంత్రిగారికి బహిరంగముగా మొఱ బెట్టుకొనిరి. వృద్ధులకున్నట్లు తమవంటి వారికిని ఒక కార్డు నిమ్మని కోరిరి. కేంద్ర పారిశ్రామిక భద్రతా దళమువారు క్షమాపణ చెప్పి, అసాధారణ పరిస్థితులలో దప్ప విప్పించుట నియమము గాదని తెలిపిరి. నియమ మట్లుండగా విప్పించుట యెట్లు సాగుచు వచ్చెనో! పేరుబడసిన వారి గతియే యిట్లుండ, మన వీధిలోని వారి మాట యేమి?

మా వీధిలో పోలియోచే కాలు సన్నగిల్లిన యొక యిల్లా లున్నది. తమ్ముని యింటికి బోవుచుండ నొక విమానాశ్రయమున, పొట్టి తెఱ చాటున బల్లపై గూర్చుండబెట్టి కాలిపట్టీ విప్పుమనిరట. మోకాలి పైవఱకు చీర యెత్తిన గాని తోలుపట్టీలు విడిపోవు. “కాలూడదీసి చేతికిమ్మన్నట్లాయె గదక్కా” యని మాతో జెప్పి, ఇక విమానము మాట యెత్తవద్దన్నది. తమ్ముడు మాత్ర మక్కడనే యున్నాడు.

తనిఖీయే వలదని మే మనము. లోహము కనబడిన యంత్రము కూయకమానదు. అది కాలిదో కత్తిదో దానికి దెలియదు. తెలిసికొనవలసినది మనుష్యుడు. భారతమున జనకుని వాకిట ద్వారపాలకు డష్టావక్రుని బాలుడని యడ్డగించెను. అతడు సమాధానము చెప్పగా విని లోనికి విడిచెను. విను నోపిక యా ద్వారపాలకునకు గలదు. నేడు దానికి దోడు సాధనములును గలవు: చేతి యంత్రముతో జూడవచ్చును, పట్టీని చిన్న గుడ్డముక్కతో తుడిచి, ప్రేలుడు పదార్థపు జాడ యున్నదేమో మఱియొక యంత్రమున పరీక్షింపవచ్చును.

న్యాయస్థానమువారును ఈ విషయము పట్టించుకొనిరి. 2012లో మస్తిష్క పక్షవాతముగల జీజాఘోష్‌గారిని కలకత్తాలో విమానమునుండి దింపివేసిరి. సుప్రీముకోర్టువారు 2016లో ఆమెకు 10 లక్షల రూపాయల పరిహార మిప్పించిరి. ఆ వ్యవహారముననే 2021 డిసెంబరులో, కృత్రిమావయవములను, కాలిపట్టీలను విప్పుమనరాదనియు, సమ్మతి లేక దివ్యాంగుల నెత్తుకొనిపోవుట అమానుషమనియు బలికిరి.

కావున ప్రయాణము తప్పనివారు ముందే తెలియజెప్పుట మేలు. విమాన సంస్థకు 48 గంటల ముందుగా వ్రాసిన, చక్రాలకుర్చీయు సహాయకులును సిద్ధముగ నుందురు. వైద్యుని పత్రము, దివ్యాంగుల గుర్తింపు కార్డు పెట్టె యడుగున గాక చేతిసంచిలో నుండవలెను. స్త్రీని స్త్రీయే తనిఖీ చేయవలెను. వేఱుగదిలో జేయుడని యడుగుటకు సంకోచింపరాదు. పొట్టి తెఱ గది గాదు.

ఇంకొక మాట. మన యిండ్లలో టిక్కెట్టు గొనువారు మగవారు. సహాయము కావలెనా యని యడుగు గడి వచ్చినపుడు “పదిమందికి దెలియుట యెందుకులే” యని విడిచిపెట్టుదురు. మా వీధి యిల్లాలి టిక్కెట్టున జరిగినదియు నదియే. ఆమెకు మఱల టిక్కెట్టు గొనునప్పుడు తాము ప్రక్కన గూర్చుండి యా గడి నింపింతుమని చెప్పితిమి. ఆమె యింకను ఔననలేదు.