చేతి యంత్రం లోపానికి కార్మికుడు బాధ్యుడా?

భిలాయి ఉక్కు కర్మాగారం నీడలో పెరిగిన శ్రామికవాడ ఖుర్సీపార్. ఉత్తరాంధ్ర పల్లెల నుండి కర్మాగారపు పనికి వలస వచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా అక్కడ నివసిస్తున్నవి. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగిన తరువాత ఈ దేశపు రైళ్లు పరుగెత్తే పట్టాలలో అధికభాగం ఆ కర్మాగారం నుండే వచ్చినది. ఆ ఉక్కును మోసిన చేతులు ఇప్పుడు వృద్ధాప్యంలో పింఛను కొరకు పోస్ట్‌మాన్ ఎదుట చాపబడుతున్నవి. యంత్రం ఆ చేతులను గుర్తించుట లేదు!

గత వేసవిలో అక్కడి సభ్యులను కలుసుకొన్నప్పుడు ఒక పోస్ట్‌మాన్ సోదరుడు మాకీ ఉదంతం చెప్పినాడు. కాంట్రాక్టు కూలీగా జీవితమంతా గడిపిన ఒక వృద్ధునికి డబ్బు చెల్లించుటకు ఆయన ఇంటికి వెళ్లినాడు. వేలిముద్ర యంత్రం మీద బొటనవ్రేలు పెట్టించినాడు, తిరస్కరించినది. తుడిచి మరల పెట్టించినాడు, తిరస్కరించినది. చూపుడు వ్రేలు పెట్టించునప్పటికి నెట్‌వర్కు పోయినది. "ఇనుము మోసిన ఏళ్లు బాబూ ఇవి, గీతలెక్కడుంటాయి?" అని ఆ వృద్ధుడు చేతులు ముడుచుకొన్నాడట. పోస్ట్‌మాన్ ఉత్త చేతులతో మరలినాడు. ఆ నెల లెక్క తగ్గినదని ఆయనను సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చినది. ఆ కార్యాలయం పేరు ఇక్కడ వ్రాయము. వ్రాసినచో ఆయనకు రెండవ మెమో తప్పదు.

ఇందులో నేరమెవరిది? వ్రేలు అరిగిన కార్మికునిదా? గుమ్మం వరకు నడిచిన ఉద్యోగిదా? మెమో మాత్రం యంత్రానికి పోలేదు. దానిని ఎంపిక చేసిన వారికీ పోలేదు. ఈ వ్యాసం ద్వారా మేము లేవనెత్తుతున్న ప్రశ్న ఇదియే.

మేము యంత్రానికి వ్యతిరేకులము కాము. ఈ మాట మొదటనే స్పష్టం చేయుట అవసరం; ఎందుకనగా ఏ లోపాన్ని ఎత్తి చూపినా "సంఘాలకు ఆధునికత గిట్టదు" అనే పాత పాట యాజమాన్యం ఎత్తుకొనును. 1983 సెప్టెంబరు 8న బ్యాంకు ఉద్యోగ సంఘాలు యాంత్రీకరణపై యాజమాన్యాల సంఘంతో ఒప్పందం కుదుర్చుకొన్నవి. యంత్రం రావచ్చును, కాని ఎట్లు రావలెనో చర్చించిన తరువాత రావలెనన్నదే ఆ ఒప్పందపు సారాంశం. మన వైఖరి కూడా అదియే.

మన శాఖలలో జరిగినదేమిటి? 2017 డిసెంబరులో దర్పణ్ పథకం ప్రారంభమైనది. దాదాపు 1,400 కోట్ల రూపాయల వ్యయంతో 1.29 లక్షల గ్రామీణ బ్రాంచి పోస్టాఫీసులకు సౌరశక్తితో నడిచే చేతి యంత్రాలు ఇచ్చుట దాని లక్ష్యం. 2018 సెప్టెంబరు 1న తపాలా చెల్లింపుల బ్యాంకు దేశవ్యాప్తంగా ఆరంభమై, పోస్ట్‌మాన్ సంచిలోనికి ఫోను, వేలిముద్ర పరికరం వచ్చి చేరినవి. 2022 నుండి రైళ్లలో టికెట్ తనిఖీ ఉద్యోగుల చేతికి చార్టు కాగితాలకు బదులు చేతి యంత్రాలు విస్తృతంగా వచ్చినవి. 2025 ఆగస్టు నాటికి తపాలా శాఖ అంతయు కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారినది. వీటివలన ప్రజలకు మేలు జరుగలేదని మేము అనుట లేదు. నడిరైలులో ఖాళీ అయిన బెర్తు తరువాతి స్టేషనులోని వెయిటింగ్ లిస్టు ప్రయాణికునికి దక్కుట మంచిదే. కాని ఈ యంత్రాన్ని రోజంతా మోసే మనిషిని, "ఇది నీకు ఎట్లు ఉండవలెను?" అని ముందుగా అడిగినవారెవరు?

అడిగి ఉన్నచో ఏమి చెప్పెడివారో ఖుర్సీపార్ సభ్యుల మాటలలోనే వినండి.

మొదటిది తెర. మే నెల మిట్టమధ్యాహ్నపు టెండలో దాని మీద అక్షరం కనబడదు. గోడ నీడ వెదకుకొని, అరచేయి అడ్డు పెట్టుకొని చూడవలెను. వానకాలంలో తడివ్రేలు తగిలితే తెర ఒకటి నొక్కినచో మరొకటి పలుకును. రెండవది బ్యాటరీ. సాధారణ ఫోన్లను 35 డిగ్రీల వరకు వేడిలో వాడుటకు తగినవని తయారీదారులే ప్రకటించుట పరిపాటి. అక్కడ మే నెల వేడి 45 డిగ్రీల దరికి చేరును. వేడికి బ్యాటరీ శక్తి త్వరగా క్షీణించునన్నది రసాయన ధర్మం. ఉద్యోగి అజాగ్రత్త కాదు. మూడవది రసీదు. వేడితో అచ్చయ్యే కాగితం మీది అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోవును. ఏడాది తరువాత ఖాతాదారు తెల్లకాగితం తెచ్చి చూపినచో, సమాధానం చెప్పవలసినది యంత్రమా, బ్రాంచి పోస్ట్‌మాస్టరా?

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. నగదు చెల్లింపునకు కేంద్ర సర్వరుతో సంబంధం తప్పదు. అది మాకు తెలియును. కాని ఒక ఉత్తరం బట్వాడా అయినదని నమోదు చేయుటకు ఆ క్షణమే సిగ్నల్ ఎందుకు ఉండవలెను? యంత్రం వివరాన్ని తనలో దాచుకొని, సిగ్నల్ అందినప్పుడు పంపుట అసాధ్యమైన విద్య కాదు. సగం నమోదు చేసిన తరువాత సంబంధం తెగి, మొదటి నుండి ఆరంభించవలసి వచ్చుట ఉద్యోగి కాలాన్ని దొంగిలించుటయే. 2025 అక్టోబరు 1 నుండి స్పీడు పోస్టులో, పంపినవారు కోరినచో ఫోనుకు వచ్చే సంకేత సంఖ్య చెప్పిన పిమ్మటనే బట్వాడా చేసే పద్ధతి వచ్చినది. ఖుర్సీపార్‌లో తల్లి గుమ్మంలో నిలబడి ఉండును. ఫోను హైదరాబాదులో కొలువు చేస్తున్న కుమారుని జేబులో ఉండును. ఆయన షిఫ్టులో ఉన్నచో పోస్ట్‌మాన్ ఎంతసేపు ఆగవలెను? ఆ నిరీక్షణ ఏ పని లెక్కలోనికి వచ్చును? దీనికి తోడు యంత్రంలో వ్రాసినదే కాగితం మీద మరల వ్రాయమనే ఆచారం అనేక చోట్ల పోలేదు. పని తగ్గించుటకు వచ్చిన యంత్రం పనిని రెట్టింపు చేయుచున్నది. నాలుగైదు గంటల పనికి లెక్కగట్టి భత్యం పొందే గ్రామీణ డాక్ సేవకుల మీద ఈ భారం మరింత క్రూరమైనది.

రైల్వే సోదరుల విషయంలో యాజమాన్య దృష్టి ఇంకను స్పష్టంగా బయటపడుచున్నది. పలు జోన్లలో గ్యాంగ్‌మన్, కీమన్ సోదరులకు జి.పి.ఎస్. పరికరాలు ఇచ్చినారు. ఎవరు ఎక్కడ నడిచినారో, ఎంతసేపు ఆగినారో అవి చెప్పును. వెనుక నుండి రైలు వస్తున్నదని హెచ్చరించే 'రక్షక్' పరికరం మాత్రం ప్రతి కార్మికుని చేతికి అందుటలో ఏండ్లు గడుస్తున్నవి. 2012లో కకోద్కర్ కమిటీ ఇచ్చిన నివేదిక ప్రకారం 2007-08 నుండి 2011 అక్టోబరు వరకు విధి నిర్వహణలో మరణించిన రైల్వే సిబ్బంది సుమారు 1,600 మంది. కార్మికుని కనిపెట్టే యంత్రానికి తొందర, కార్మికుని కాపాడే యంత్రానికి తాపీ! ఏ యంత్రం ముందు రావలెనన్నది సాంకేతిక ప్రశ్న కాదు, ఎవరి ప్రయోజనం ముందన్న ప్రశ్న.

"నిపుణులు నిర్ణయించినారు, టెండర్లు ముగిసినవి, ఇక మార్చలేము" అని అధికారులు చెప్పుదురు. ఆకాశ్ టాబ్లెట్ చరిత్ర వారికి గుర్తు చేయుచున్నాము. 2011 అక్టోబరులో విద్యార్థుల కొరకు ప్రభుత్వం విడుదల చేసిన ఆ చౌక పరికరం హైదరాబాదులోనే కూర్చబడినది. గట్టిగా నొక్కితే గాని పలుకని తెర, నత్తనడక ప్రాసెసర్, త్వరగా అడుగంటే బ్యాటరీ అని వాడినవారు మొరపెట్టినారు. 2012 నవంబరులో వచ్చిన రెండవ ఆకాశ్‌లో తెర మారినది, ప్రాసెసర్ వేగం హెచ్చినది. రెండు వేల పైచిలుకు రూపాయల పరికరాన్నే పదమూడు నెలలలో మార్చగలిగినప్పుడు వందల కోట్ల పథకంలో మార్పు అసాధ్యమా? విద్యార్థి చెప్పినచో అది సలహా, ఉద్యోగి చెప్పినచో క్రమశిక్షణారాహిత్యమా? 2021 ఆగస్టులో మహారాష్ట్ర అంగన్‌వాడీ సోదరీమణులు పనికిరాని ఫోన్లను కార్యాలయాలలో తిరిగి అప్పగించి నిరసన తెలిపినారు. మొర వినని చోట పరిస్థితి అంతవరకు పోవును.

కావున మేము కోరుచున్నవి ఇవి:

(1) ఏ చేతి యంత్రమైనను కొనుటకు ముందు ఒక వేసవి, ఒక వానకాలం ఉద్యోగుల చేతనే వాడించి, సంఘ ప్రతినిధుల సమక్షంలో లోపాలు నమోదు చేయవలెను.

(2) ఎండలో కనబడే తెర, మార్చుకొనుటకు అదనపు బ్యాటరీ, రెండు కంపెనీల సిమ్ములు, తెలుగుతో సహా ఉద్యోగి కోరిన భాష ఉండవలెను.

(3) సిగ్నల్ లేనప్పుడు వివరాలను దాచుకొని తరువాత పంపే ఏర్పాటు చేయవలెను. కాగితం మీద రెండవసారి వ్రాయించుట మానవలెను.

(4) యంత్రం నిలిచిన కాలాన్ని యంత్రమే నమోదు చేయవలెను. ఆ కాలం విధి నిర్వహణగా లెక్కించవలెను. దానిపై మెమోలు, జీతం నుండి కోతలు కూడదు.

(5) వేలిముద్ర పడని వృద్ధులకు ముఖ గుర్తింపు వంటి మార్గం అందరి యంత్రాలలోను ఉండవలెను. జీవన ప్రమాణ పత్రాలకు 2021 నుండి ఉన్న సౌకర్యం నెలనెలా డబ్బు చెల్లింపులోను ప్రతి ఒక్కరికీ అందవలెను. అదియు విఫలమైనచో చెల్లింపునకు కాగితపు పద్ధతి ఉండవలెను.

(6) ఉద్యోగి సొంత ఫోనును విధికి వాడుమని ఒత్తిడి చేయరాదు.

(7) పట్టాల మీది ప్రతి కార్మికునికి హెచ్చరిక పరికరం ముందు ఇవ్వవలెను. అతని కదలికల వివరాలు రక్షణకే గాని శిక్షకు వాడరాదు.

సోదర ఉద్యోగులారా! ఫిర్యాదు నోటిమాటగా ఉన్నంతకాలం "నీకు వాడుట రాదు" అని కొట్టివేయుదురు. ప్రతి బ్రాంచిలో నేడే ఒక నోటు పుస్తకం తెరవండి. తేదీ, గంట, స్థలం, ఏమి పలుకలేదు, ఎంతసేపు నిలిచినది, ఎవరు ఉత్త చేతులతో మరలినారు - ఈ ఆరు సంగతులు వ్రాయండి. నెలకొకసారి ప్రతిని డివిజను కార్యదర్శికి పంపండి. వాటిని సంయుక్త సంప్రదింపుల యంత్రాంగంలో చర్చనీయాంశంగా పెట్టించుట మా బాధ్యత. ఆ వేదికలో స్థానం లేని గ్రామీణ డాక్ సేవకుల పుస్తకాలను కూడ వాటితో జతపరచెదము. ఖుర్సీపార్ సోదరుడు తన పుస్తకం అప్పుడే తెరచినాడు. దానిలో మొదటి పంక్తి ఆ వృద్ధునిది. రెండవది మీరు వ్రాయండి.