భయమన్న మాటకు ఆధారమేది?

‘లాంగ్ కోవిడ్’ అనే మాటను ఇక మానుకోవాలని ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్ర అప్పటి ముఖ్య ఆరోగ్యాధికారి జాన్ జెరార్డ్ 2024 మార్చిలో ప్రకటించారు. కోవిడ్ తర్వాత మిగిలే బాధలు ఫ్లూ తర్వాత మిగిలే బాధల కంటే ఎక్కువేమీ కావని తమ అధ్యయనంలో తేలిందన్నారు. అక్కడితో ఆగలేదు. ఆ పేరు జనంలో అనవసర భయం పుట్టిస్తోందని, కొందరు ఒంట్లోని లక్షణాలనే అదేపనిగా కనిపెట్టుకుని ఉండేలా చేసి కోలుకోవడానికే అడ్డుపడుతోందని కూడా అన్నారు. మార్చి 15 లాంగ్ కోవిడ్ అవగాహన దినం. సరిగ్గా ఆ రోజుల్లోనే ఈ ప్రకటన వెలువడింది. ఏళ్ల తరబడి మంచం దిగలేక, ఉద్యోగాలు వదులుకుని, స్నానానికి కూడా మరొకరి చేయి పట్టుకోవాల్సి వస్తున్నవారికి ప్రభుత్వం నుంచి అందిన మాట ఇది.

జెరార్డ్ మాటల్లో ఒక లెక్క ఉంది, ఒక నింద ఉంది. లెక్కతో వాదించవచ్చు, కొంత ఒప్పుకోవచ్చు. నిందను మాత్రం ఊరికే వదిలేయడానికి లేదు.

ముందు లెక్క చూద్దాం. 2022 మే నెలాఖరు నుంచి జూన్ నెలాఖరు దాకా శ్వాస సంబంధ లక్షణాలతో పరీక్ష చేయించుకున్న 5,112 మంది పెద్దవాళ్లకు ఏడాది తర్వాత ఫోన్ సందేశం ద్వారా ప్రశ్నలు పంపారు. అందులో 2,399 మందికి కోవిడ్, 995 మందికి ఫ్లూ. మిగిలినవారిలో ఆ రెండూ బయటపడలేదు. ఏడాది గడిచినా ఏదో ఒక లక్షణం వదల్లేదన్నవారు 16 శాతం. రోజువారీ పనులు చేసుకోవడం ఓ మోస్తరుగానో తీవ్రంగానో కష్టమైపోయిందన్నవారు 3.6 శాతం. ఈ రెండో రకంవాళ్లు కోవిడ్ వచ్చినవారిలో 3 శాతం ఉంటే, రానివారిలో 4.1 శాతం ఉన్నారు. కోవిడ్ రోగులను ఆరోగ్యవంతులతో కాకుండా ఇతర జబ్బులు చేసినవారితో పోల్చడం సరైన పద్ధతే. జనాభాలో 90 శాతానికి పైగా టీకా వేసుకున్నాక ఒమిక్రాన్ సోకిన రాష్ట్రంలో శాతం తక్కువగా ఉండటమూ నమ్మదగినదే. రోగుల బాధ నిజమేనని జెరార్డ్ స్వయంగా ఒప్పుకున్నారు కూడా.

మరి భయం సంగతి ఎక్కడి నుంచి వచ్చింది? బయటపెట్టిన ఫలితాల్లో భయాన్ని కొలిచిన అంకె ఒక్కటీ లేదు. ‘లాంగ్ కోవిడ్’ అనే పేరు విన్నవారు ఆలస్యంగా, విననివారు తొందరగా కోలుకున్నారని చూపే పోలికా లేదు. అన్నిటికీ మించి, ఆ వాదనను కొట్టేస్తున్నది ఆయన సొంత లెక్కే. పేరు వల్ల పుట్టిన భయమే మనుషులను మంచానికి కట్టేస్తుంటే, ఆ పేరు వర్తించే కోవిడ్ రోగుల పరిస్థితి మిగతావారికంటే అధ్వానంగా ఉండాలి. ఫ్లూ వచ్చినవారిని భయపెట్టే పేరేదీ ఊళ్లో ప్రచారంలో లేదు. అయినా కోవిడ్ లేనివారిలోనే ఆ శాతం కాస్త ఎక్కువగా కనిపించింది. ఏ పేరూ వినని మనిషి కూడా ఏడాది తర్వాత లేవలేకపోతున్నాడంటే అతణ్ణి పడగొట్టింది మాట కాదు, జబ్బు. ఈ చిన్న తర్కం ఒక రాష్ట్ర ఆరోగ్య యంత్రాంగానికి తట్టలేదనుకోవడం కష్టం. తట్టీ ఆ వాక్యాన్ని అలాగే ఉంచేశారనుకోవడం ఇంకా కష్టం.

ఈ నిందకు చరిత్ర ఉంది కాబట్టే ఇంత కోపం వస్తుంది. 1955లో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రి సిబ్బంది దాదాపు మూడు వందల మంది అంతుబట్టని జబ్బుతో పడిపోయారు. జూలై నుంచి అక్టోబరు దాకా ఆసుపత్రినే మూసేయాల్సి వచ్చింది. వారిలో కొందరు ఏళ్ల తరబడి తేరుకోలేదు. పదిహేనేళ్ల తర్వాత, 1970లో, మెక్‌ఈవెడీ, బియర్డ్ అనే ఇద్దరు మనోవైద్యులు పాత కేసు కాగితాలు తిరగేసి, అదంతా సామూహిక హిస్టీరియా అని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. జబ్బుపడ్డవారిలో ఎక్కువమంది స్త్రీలు కావడం వారు చూపిన కారణాల్లో ఒకటి. ఒక్క రోగినీ పిలిచి పరీక్షించలేదు. ఆ ముద్ర తర్వాతి తరాల రోగుల మీద కూడా పడింది. నిస్సత్తువతో డాక్టరు దగ్గరికి వెళ్లినవారు ముందు తమకు పిచ్చి లేదని రుజువు చేసుకోవాల్సి వచ్చింది.

అదే ఆలోచన 2011లో మరింత హుందా వేషంలో లాన్సెట్ పత్రికకు ఎక్కింది. దీర్ఘకాలిక నిస్సత్తువ రోగులు 641 మందితో బ్రిటన్‌లో జరిగిన ‘పేస్’ ప్రయోగం అది. అక్కడి ఉపాధి, పింఛన్ల శాఖ కూడా దానికి కొంత డబ్బు పెట్టింది. రోగులు శ్రమంటే భయపడి కదలడం మానేశారని, కదలక ఒళ్లు బిగుసుకుపోయిందని, భయం పోగొట్టి వ్యాయామం క్రమంగా పెంచితే బాగుపడతారని దాని పునాది. వ్యాయామ బృందంలోనూ మానసిక చికిత్స బృందంలోనూ 22 శాతం మంది కోలుకున్నారని పరిశోధకులు తర్వాత ప్రకటించారు. అసలు సమాచారం చూపమంటే ఇవ్వలేదు. ఆస్ట్రేలియాకే చెందిన ఒక రోగి పట్టు వదలకుండా పోరాడితే 2016లో ట్రైబ్యునల్ ఆదేశంతో అది బయటికొచ్చింది. పరిశోధకులు మొదట రాసుకున్న కొలమానంతోనే మళ్లీ లెక్క వేస్తే, కోలుకున్నవారు వ్యాయామ బృందంలో 4 శాతం, మానసిక చికిత్స బృందంలో 7 శాతం. మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో 3 శాతం. 2021 అక్టోబరులో బ్రిటన్ వైద్య మార్గదర్శక సంస్థ నైస్, ఈ జబ్బుకు మెట్లు మెట్లుగా వ్యాయామం పెంచే పద్ధతిని ఇవ్వకూడదని చెప్పేసింది. ఆలోగా ఎందరు రోగులు పళ్లు బిగించి ట్రెడ్‌మిల్ ఎక్కి మరింత దిగజారిపోయారో!

ఎందుకు దిగజారతారో ఇప్పుడు కండరాల్లోనే కనిపిస్తోంది. 2024 జనవరిలో ఆమ్‌స్టర్‌డామ్ శాస్త్రవేత్తలు 25 మంది లాంగ్ కోవిడ్ రోగులను, 21 మంది ఆరోగ్యవంతులను సైకిలు తొక్కించి, ముందూ మర్నాడూ తొడ కండరం నుంచి చిన్న ముక్క తీసి చూశారు. రోగుల కండరాల్లో కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా సరిగా పనిచేయడం లేదు. శ్రమ తర్వాత కండర కణజాలం దెబ్బతిన్న గుర్తులు పెరిగాయి. ఈ వ్యాసం నేచర్ కమ్యూనికేషన్స్‌లో అచ్చయి రెండు నెలలు గడిచాక, లక్షణాలను కనిపెట్టుకోవడమే తప్పన్నట్టు ఒక ముఖ్య ఆరోగ్యాధికారి మాట్లాడారు.

ఆయన అంత దూరం చూడనక్కర్లేదు. సొంత దేశంలోనే సమాధానం ఉంది. పొరుగు రాష్ట్రం న్యూ సౌత్ వేల్స్‌లోని డబ్బో అనే పట్టణం చుట్టుపక్కల ఎప్‌స్టీన్-బార్ వైరస్, రాస్ రివర్ వైరస్, క్యూ జ్వరం సోకిన 253 మందిని వైద్యులు వెంటపడి గమనించి 2006లో ఫలితాలు ప్రచురించారు. ఆరు నెలలకు 12 శాతం మంది నిస్త్రాణతో కూలబడే ఉన్నారు. ఎవరు కూలబడతారన్నది వారి మానసిక స్థితిని బట్టి తేలలేదు. వయసును బట్టీ, ఏ క్రిమి సోకిందన్నదాన్ని బట్టీ కాదు. మొదట జబ్బు ఎంత గట్టిగా పట్టిందన్నదాన్ని బట్టి తేలింది. వైరస్ ఏదైనా ఫలితం ఒకటేనన్న జెరార్డ్ మాటకు ఇందులో బలం ఉంది. ఆయన చెప్పిన భయానికి మాత్రం చోటు లేదు.

అలాంటప్పుడు ఆయన తీసుకోవాల్సిన నిర్ణయం వేరు. కోవిడ్ లేనివారిలో కూడా నూటికి నలుగురు ఏడాది తర్వాతా రోజువారీ పనులకు కష్టపడుతున్నారని తెలిసిన ప్రభుత్వం, కోవిడ్ రోగులకు అందే వైద్యాన్ని వారికీ అందిస్తామని ప్రకటించాలి. అందరూ బాధపడుతున్నారు కాబట్టి ఎవరి బాధకూ ప్రత్యేకంగా పేరు వద్దనడం ఏ వైద్యధర్మం? 2020 మేలో ‘లాంగ్ కోవిడ్’ అన్న మాటను పుట్టించింది రోగులే. మా మాట వినమని మొత్తుకుంటే వినేవారు లేక పెట్టుకున్న పేరది. 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ఇచ్చేదాకా సెలవు చీటీలోనూ బీమా కాగితంలోనూ రాసుకోవడానికి వారికి దిక్కు ఆ మాటే. 2023 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా పార్లమెంటు కమిటీ ఈ రోగుల గోడు విని నివేదిక ఇచ్చింది. కేంద్ర ప్రభుత్వం పరిశోధనకు 5 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు కేటాయించింది. ఏడాది తిరక్కుండానే ఒక రాష్ట్రం పేరే తుడిచేద్దామంది.

ఎక్కడో దక్షిణార్ధగోళంలో జరిగే గొడవని తెలుగువారు పక్కన పెట్టడానికి లేదు. 2005 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో చికున్‌గున్యా మళ్లీ తలెత్తి మరుసటి ఏడాది దేశమంతటా 13 లక్షలకు పైగా అనుమానిత కేసులకు చేరినప్పుడు, జ్వరం పోయాక నెలల తరబడి కీళ్లు పట్టేసి పొద్దున్నే లేవలేనివారు ఊరూరా ఉండేవారు. డెంగీ తర్వాతా అదే నీరసం. ప్లేట్‌లెట్లు పెరిగాయి కదా, ఇంకేమిటి అంటారు. ‘లేచి నాలుగడుగులు వెయ్యి, అదే పోతుంది’ అని ఇంట్లోవాళ్లు, ‘రిపోర్టులన్నీ నార్మలే’ అని డాక్టరు, ‘ఇంకెన్నాళ్లు సెలవు’ అని ఆఫీసు. రోజుకూలీకి ఆ మూడో ప్రశ్న కూడా ఉండదు, పని పోతుందంతే. జ్వరం విడిచాక పథ్యం పెట్టి, ఒళ్లు స్వాధీనంలోకి వచ్చేదాకా పనికి పంపని పద్ధతి ఒకప్పుడు మన ఇళ్లలో ఉండేది. ఇప్పుడు పారాసిటమాల్ మింగి మూడో రోజుకే బస్సెక్కుతున్నారు.

వైరల్ జ్వరం తర్వాత నీరసపడినవారిలో ఎక్కువమంది కొన్ని వారాల్లో నెమ్మదిగా తేరుకుంటారు. మెల్లగా నడక మొదలుపెట్టడం వారికి మేలే. కొందరి సంగతి వేరు. ఈ రోజు మామూలు పని చేస్తే రేపో ఎల్లుండో మంచాన పడతారు. ఇది వారి జబ్బు తాలూకు ప్రధాన గుర్తు. ఇలాంటివారికి కావాల్సింది ఉన్న శక్తిని చూసి ఖర్చుపెట్టుకోవడం. కూరగాయలు కూర్చుని తరుక్కోవడం, స్టూలు మీద కూర్చుని స్నానం చేయడం, రెండు పనుల మధ్య కళ్లు మూసుకుని పడుకోవడం, ఒంట్లో బాగుందనిపించిన రోజున పేరుకున్న పనులన్నీ నెత్తినేసుకోకుండా ఆగడం. ఇవన్నీ చేయాలంటే ఏ పనికి ఒళ్లు ఎలా స్పందిస్తోందో రోజూ గమనించి రాసుకోవాలి. అంటే ఏ జాగ్రత్తతో రోగి మరింత దిగజారకుండా నిలబడగలడో, దాన్నే జెరార్డ్ కోలుకోవడానికి అడ్డు అన్నారు. ఆయన మాట నమ్మి ఆ గమనింపు మానేసిన రోగికి జరిగే నష్టానికి ఎవరు పూచీ?

క్వీన్స్‌లాండ్ అధ్యయనాన్ని 2024 ఏప్రిల్ చివర్లో బార్సిలోనాలో జరిగిన అంటువ్యాధుల సదస్సు కోసం సిద్ధం చేశారు. అంకెల మీద చర్చ అలాంటి వేదికల మీద జరగాలి, జరగనీయాలి. లక్షణాలను గమనించుకోవడం కోలుకోవడాన్ని అడ్డుకుంటుందన్న వాక్యానికి మాత్రం జెరార్డ్ ఆధారం చూపాలి. లేకపోతే ప్రకటన చేసినంత బహిరంగంగానే ఆ వాక్యాన్ని వెనక్కి తీసుకోవాలి.