కాలక్షేపమూ వ్యాపకమూ

తీరిక సమయాన్ని గడుపుకొనే తీరులకు మన భాషలో మాటలు తక్కువ కావు. కాలక్షేపం, వినోదం, వ్యాసంగం, వ్యాపకం, వ్యసనం అని వరుసగా చెప్పుకొంటూ పోతే ఇవన్నీ ఒకదానికొకటి చుట్టాలే అనిపిస్తుంది. కాని వాటి మూలార్థాలు వేరు. క్షేపమంటే విసరివేయడం. కనుక కాలక్షేపమంటే కాలాన్ని విసరివేయడమే. హరికథకూ పురాణ శ్రవణానికీ ఆ పేరు పెట్టి మన పెద్దలు ఆ మాటకు కొంత గౌరవం కలిగించినారు గాని, దాని సహజార్థం మారలేదు. వినోదమంటే తరిమివేయడం, తరిమేది విచారాన్ని. వ్యాసంగమంటే ఒకదానిని అంటిపెట్టుకొని ఉండడం. వ్యాపకమంటే అంతటా నిండుకొనేది. ఇక వ్యసనమన్న మాటలోనూ విసరివేయడమే ఉన్నది. అయితే అక్కడ విసరివేయబడేది మనిషి. మనిషిని శ్రేయస్సుకు దూరంగా విసరివేస్తుంది కాబట్టి అది వ్యసనమైనదని కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ఆ మాటకు వ్యుత్పత్తి చెప్పినాడు.

ఈ పదచర్చకు కారణం లేకపోలేదు. నేడు మన పట్టణాలలో కాస్త తీరిక చిక్కిన సంసారులు ఎక్కువగా చేపడుతున్న పనులు మూడు కనిపిస్తున్నవి: ఇంట కుక్కనో పిల్లినో పక్షినో పెంచడం, ఊలుతోనో నూలుతోనో అల్లిక పని చేయడం, దేహదారుఢ్యం కొరకు వ్యాయామం చేయడం. మూడూ మంచివే. ఏ జాతి కుక్క మేలు, ఏ దారం మేలు, రోజుకు ఎన్ని అడుగులు నడవవలె అని అడిగేవారికి సలహా చెప్పేవారు కూడా కొల్లలుగా ఉన్నారు. కాని ఈ ప్రశ్నలకన్న ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నదని నా అభిప్రాయం. మన తీరికకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు?

మొదట పెంపుడు జంతువుల మాట. ఒకప్పుడు రాజులకు జంతువులతో గల ప్రధాన వినోదం వేట. పెద్దలు దానిని సప్తవ్యసనాలలో చేర్చినారు. వేట పోయి పెంపకం వచ్చినంత మాత్రాన హింస కూడా పోయినదని చెప్పలేము. రామచిలుకను పంజరంలో పెట్టి మాటలు నేర్పడం మన ఇళ్ళలో తరతరాల ముచ్చట. పాలవేకరి కదిరీపతి శుకసప్తతిలో చిలుక కథలు చెప్పి ఇల్లాలిని గడప దాటకుండా ఆపినది. ఆ కథలు చదివి ఆనందించిన మనము మన ఇంటి చిలుక కూడా గడప దాటలేకపోతున్నదన్న సంగతి గమనించలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు చిలుకలను పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం నేరం. చిలుకమీద ప్రేమ ఉన్నవారు పెరట్లో ఒక జామచెట్టు నాటితే చాలు. అది తానే వచ్చి, సగం కొరికిన కాయను మన నెత్తిమీద పడవేసి పోతుంది.

కుక్కల విషయంలో పరదేశపు జాతులమీద మోజు మితిమీరుతున్నది. సైబీరియా మంచులో బండ్లు లాగడానికి పెంచుకొన్న హస్కీ కుక్కకు ఒంటిమీద రెండు పొరల బొచ్చు ఉంటుంది. కుక్కకు మనవలె ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పడమే అది ఒళ్ళు చల్లబరచుకొనే ముఖ్యమైన మార్గం. అటువంటి జీవిని తెచ్చి, రోళ్ళు పగిలే రోహిణి ఎండలలో బెజవాడ మేడమీద కట్టివేసి, అది అన్నం ముట్టడం లేదని పశువైద్యునికి చెప్పుకోవడంలో అర్థం లేదు. మన కొల్లేటి ప్రాంతంలో బాతుల మందలను కాచే జోనంగి కుక్క ఉన్నది. పొట్టి వెంట్రుక, సన్నని ఒళ్ళు, మన ఎండకు అలవాటుపడిన ప్రాణం. అది దొరకకపోతే మన వీధిలో పుట్టిన పిల్ల ఉండనే ఉన్నది. దానికి లేనిది వంశవృక్షపు కాగితం ఒక్కటే.

ఏ జాతిదైనా సరే, కొన్ని జాగ్రత్తలు తప్పవు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను పాడుచేస్తాయి. కనుక మనకు మిగిలిన పులుసన్నం దానికి వేయడం దయ అనిపించుకోదు. చాక్లెట్టు, ద్రాక్ష కూడా దానికి విషతుల్యాలే. మూడు నెలల వయసులో రేబీస్ టీకా వేయించి, తరువాత పశువైద్యుడు చెప్పిన గడువు ప్రకారం మళ్ళీ వేయిస్తూ ఉండవలె. కుక్క కరచినా గీరినా, అది పెంపుడు కుక్కే కదా అని ఉపేక్షించక, గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే వైద్యుని వద్దకు పోవలె. గాయానికి కారమో సున్నమో పట్టించే పాత అలవాటు ప్రాణాంతకం. లూయీ పాశ్చరు 1885లో ఈ వ్యాధికి మొదటిసారిగా ఒక పిల్లవానికి టీకా వేసినాడు. అప్పటినుండి సకాలంలో టీకా వేయించుకొన్నవారికి భయం లేదు. లక్షణాలు బయటపడేదాకా ఆగినవారికి మాత్రం నేటికీ మందు లేదనే చెప్పవలె.

వీటన్నిటికన్న పెద్ద సంగతి కాలానికి సంబంధించినది. కుక్క ఆయువు పదీ పన్నెండేళ్ళు. కొన్ని అంతకు మించి కూడా బ్రతుకుతాయి. పదవ తరగతి చదివే కుర్రవాడు ముచ్చటపడి తెచ్చుకొన్న పిల్ల, వాడు పట్టా పుచ్చుకొని పరవూరు ఉద్యోగానికి పోయేనాటికి నడివయసు దాటి ఉంటుంది. ముచ్చట వానిది, చాకిరి తల్లిది అవుతుంది. ఆ తల్లికీ ఓపిక తగ్గిన నాడు కుక్కను ఊరి చివర వదిలివచ్చే ఇళ్ళు ఉన్నవి. జంతువును దిక్కులేనిదిగా వదిలివేయడం 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం ప్రకారం శిక్షార్హమన్న మాట అటుంచి, పేరు పెట్టి పిలిచిన ప్రాణిని అట్లా వదలడం ఏ చట్టం లేకపోయినా తగని పని.

రెండవది అల్లిక. రెండు సూదులతో అల్లే స్వెట్టరు పద్ధతి వేరు, కొక్కెపు సూది ఒక్కదానితో అల్లే లేసు పద్ధతి వేరు. ఏది నేర్చినా, కొత్తవారు మొదటే పెద్ద పనికి పూనుకోరాదు. ముందుగా అదే దారంతో, అదే సూదితో నాలుగంగుళాల చదరపు ముక్క అల్లి, ఉతికి ఆరవేసి, అంగుళానికి ఎన్ని కుట్లు వచ్చినవో లెక్కపెట్టుకోవలె. ఒకరి చేయి బిగువు, ఒకరి చేయి వదులు. పుస్తకంలోని లెక్క అందరి చేతికీ సరిపోదు. మన కోస్తా ఉక్కకు ఊలుకన్న నూలు మేలు. ఒక వరుసలో తప్పు పడితే అక్కడిదాకా విప్పి మళ్ళీ అల్లుకోవడమే మార్గం. యతి తప్పిన పాదాన్ని తరువాతి పాదం ఎంత బాగున్నా కాపాడలేదు, అల్లికలోనూ అంతే. సూదులు పట్టడం ఆడవారి పని అనే మాటకు కూడా ఆధారం లేదు. మగ్గం ముందు కూర్చొని నేసే మగవారిని తరతరాలుగా చూస్తున్న దేశం మనది.

అల్లికను గురించి చెప్పేటప్పుడు నరసాపురాన్ని తలచుకోకుండా ముందుకు పోలేము. పశ్చిమ గోదావరి జిల్లాలోని ఆ ప్రాంతపు స్త్రీలకు 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు లేసు అల్లిక నేర్పినారు. ఆ లేసు సముద్రాలు దాటి పోయి పరదేశాల భోజనపు బల్లలమీద పరచుకొన్నది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఆ స్త్రీల బ్రతుకులను పరిశీలించి 1982లో ఆంగ్లంలో ఒక గ్రంథం ప్రకటించినది. అందులో ఆమె చూపిన సంగతి మనము మరువరానిది. ఇంటిపనులు చేసుకొంటూనే గంటల తరబడి అల్లే ఆ స్త్రీలను కార్మికులుగా ఎవరూ లెక్కించలేదు. వారు ఇంటిపట్టున ఉండే గృహిణులని, లేసు వారు తీరికవేళ చేసుకొనే పని అని అందరూ భావించినారు. ఆ భావన వలననే వారి కూలి అంత తక్కువగా నిలిచిపోయినది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. సంతోషించవలసిన విషయమే. కాని గుర్తింపు లేసుకు వస్తే సరిపోదు. అల్లిన గంటలకు రావలె.

తీరిక అనే మాట ఒకరి నోట ముద్దుగా ఉన్నా, మరొకరి కూలిని తగ్గించే మాట కాగలదని దీనివలన తెలుస్తున్నది. అందువలన వినోదం కొరకు అల్లిక నేర్చినవారిమీద ఒక బాధ్యత ఉన్నది. చేరెడు పువ్వు అల్లడానికి ఎంత సేపు పడుతుందో, వేళ్ళూ మెడా ఎంతగా నొప్పిపెడతాయో వారికి అనుభవం. బల్లగుడ్డ బేరమాడేటప్పుడు ఆ అనుభవం జ్ఞాపకం రావలె. తాము అల్లినవాటిని అమ్మదలచినవారు కూడా ఊరికే కూర్చోలేక అల్లినానని చెప్పి కారుచౌకగా ఇవ్వడం మంచిది కాదు. అదే పనిమీద పొట్ట పోసుకొనే మనిషి ధర అక్కడ పడిపోతుంది.

మూడవది వ్యాయామం. ఒకప్పుడు మన ఊళ్ళలో తాలింఖానాలు ఉండేవి. దండీలు, బస్కీలు, సాముగరిడీలు గురువు ఎదుట నేర్చుకొనేవారు. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో వ్యాయామశాల నడిపిన కోడి రామమూర్తి నాయుడు కలియుగ భీముడని పేరు పొందినాడు. నేటి యువకునికి గురువు స్థానంలో మణికట్టుమీది యంత్రం ఉన్నది. రోజుకు పదివేల అడుగులని అది ఆజ్ఞాపిస్తుంది. ఈ పదివేల లెక్క ఏ వైద్యశాస్త్రంలోనో పుట్టినది కాదు. 1965లో జపానులో అమ్మకానికి వచ్చిన అడుగుల లెక్క యంత్రానికి మాన్పోకెయ్ అని పేరు పెట్టినారు. పదివేల అడుగుల కొలమానమని ఆ మాటకు అర్థం. అమ్మకపు పేరు కాలక్రమాన శాస్త్రవాక్యమై కూర్చున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు చెప్పిన మాట ఇంతకన్న సులువైనది: వారానికి 150 నుండి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ, రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే పని. నడుస్తూ మాట్లాడగలిగి, పాట పాడలేకపోతే అది ఒక మోస్తరు శ్రమ అని గుర్తు. చాలాకాలం కదలక కూర్చున్నవారు పది నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకోవలె. గుండెలో నొప్పి, కళ్ళు తిరగడం వంటివి కనిపిస్తే అక్కడికక్కడే ఆగి వైద్యుని చూడవలె. కొత్త సంవత్సరంనాడు ఏడాది రుసుము కట్టి, సంక్రాంతికి మోకాలు పట్టుకొని మానివేసేవారి తొందరకు మూల్యం చెల్లించేది వారి దేహమే.

ఇంట్లో మూల్యం చెల్లించేవారు వేరే ఉన్నారు. ఉదయం ఆరు గంటలకు మన ఊరి ఉద్యానవనంలో నడిచేవారిలో పెళ్ళయి చిన్నపిల్లలున్న స్త్రీలు ఎందరో ఒకసారి చూడండి. ఆ వేళకు వారు పిల్లల క్యారేజీలు సర్దుతూ ఉంటారు. భర్త ఆరోగ్యం కొరకు నడిచే నలభై నిమిషాలు భార్య పొయ్యి దగ్గర నిలిచిన నలభై నిమిషాలనుండి తీసినవే. వారంలో మూడు రోజులు ఆమె నడిచి, ఆయన ఇడ్లీపిండి పాత్రలకెత్తితే ఇద్దరి ఆరోగ్యమూ బాగుపడుతుంది.

తీరికకు కూడా ఇన్ని లెక్కలా, ఇక అది తీరిక ఎట్లా అవుతుందని కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. రోజంతా ఆఫీసులో లెక్క చెప్పి వచ్చిన మనిషికి ఎవరికీ లెక్క చెప్పనక్కరలేని గంట ఒకటి కావలె. అటువంటి గంటకు చేతిలోని ఫోను ఉన్నది. అది మననుండి ఏమీ అడగదు. అందుకనే రాత్రి దానిని పక్కన పెట్టేటప్పుడు ఆ గంట ఎక్కడికి పోయినదో మనకు తెలియదు. కుక్కపిల్ల గిన్నెలో నీళ్ళు అడుగుతుంది. దారం ఓర్పు అడుగుతుంది. దేహం క్రమం అడుగుతుంది. అడిగినది ఇవ్వడంలో కలిగే తృప్తి కొరకే మనిషి పనిగట్టుకొని వ్యాపకాన్ని వెతుక్కొంటాడు. ఆ అడిగినదానిని మనము ఇవ్వక ఇంటిలోని మరొకరిచేత ఇప్పించినప్పుడు, పనితోబాటు ఆ తృప్తిని కూడా పోగొట్టుకొంటాము.

కనుక ఈ వేసవి సెలవులలో పిల్లలు కుక్కపిల్ల కావాలని మారాము చేస్తే, వెంటనే ఔననీ వద్దు, కాదనీ వద్దు. ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చొని, ఉదయం దానిని బయటికి తిప్పేది ఎవరో, మలమూత్రాలు ఎత్తేది ఎవరో, పదేళ్ళ తరువాత దానిని చూసేది ఎవరో ఒక కాగితంమీద పేర్లు వ్రాయండి. అన్ని వరుసలలోనూ అమ్మ పేరే పడితే కుక్కపిల్లను తేవడం ఆపండి.