పాత శుభలేఖే అసలు నమూనా

పాతకాలపు అందం ఉట్టిపడే పెళ్లి పత్రిక కావాలని అడిగితే, చాలామంది డిజైనర్లు లక్క ముద్రలు, విక్టోరియన్ గులాబీల అంచులు చూపిస్తారు. అవి ఇంగ్లండు జ్ఞాపకాలు. తెలుగింటి పాతదనం వేరు: నాలుగు మూలలా పసుపు, పైన శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు, గణపతి బ్లాకు, ఒకటి రెండు రంగుల సిరా, ‘మదర్పిత చందన తాంబూలాలు’ స్వీకరించమనే పిలుపు, తేదీతోపాటు సంవత్సరం పేరు, తిథి, నక్షత్రం, లగ్నం. ఇన్ని సంగతులు చిన్న కాగితంలో ఇరుకు లేకుండా ఇమిడాయంటే అది కంపోజిటర్ గొప్పతనమే. ఒత్తులతో, గుణింతాలతో నిండిన సీసపు అక్షరాలను తలకిందులుగా చదువుతూ ఒక్కొక్కటే పేర్చిన చేతులవి. ఇప్పుడు లెటర్‌ప్రెస్ పేరుతో మందపాటి నూలు కాగితంలోకి అక్షరం లోతుగా దిగేలా ఒత్తుతున్నారు. ఆనాటి మంచి ముద్రాపకులు మాత్రం కాగితం వెనక గుర్తు పడకుండా తేలిగ్గా అచ్చొత్తేవారు. కాబట్టి లోతుకన్నా అక్షరాల ఎంపికే ముఖ్యం. సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా అందించిన సూరన్న, పెద్దన, ధూర్జటి వంటి ఫాంట్లు ఉండగా, ఇంగ్లిష్ అక్షరాలకు పెద్దపీట వేసి తెలుగును మూలకు నెట్టడం అన్యాయం. అంచుకు పెడన కలంకారీ అచ్చుల లతలు చాలు. హైదరాబాద్ ఛత్తా బజార్ లాంటి చోట్ల పెళ్లి కార్డులు అచ్చువేసేవారు ఇప్పటికీ ఉన్నారు. పెళ్లి కుదిరిన ఇళ్లవారు ముందుగా అమ్మమ్మ, తాతయ్యల శుభలేఖను పెట్టె అడుగు నుంచి తీయించి డిజైనర్ ముందు పెట్టాలి. అందులోని తెలుగు మాటలను ఒక్కటీ తగ్గించవద్దని గట్టిగా చెప్పాలి.