నిలువు ఆపిల్ చెట్టుకి తోడు కావాలి

పోయిన వారం కుండీలో మల్లెని ఎప్పుడు కత్తిరించాలో రాశాను కదా. అది చదివిన ఒక సోదరి, "మల్లెలూ కరివేపాకూ సరే గానీ, మా కోడలు వాళ్లు ఇంగ్లండులో ఇల్లు కొనుక్కున్నారు. పెరడు చీర ఆరేసినంత ఉంది. అందులో ఆపిల్ చెట్టు పెట్టుకోవచ్చా?" అని అడిగారు. పెట్టుకోవచ్చు. నిక్షేపంగా పెట్టుకోవచ్చు. అయితే దాని గురించి రాయాలంటే నేను చేసిన తప్పు కూడా రాయాలి. మొక్కల విషయంలోనూ తప్పే, మాట విషయంలోనూ తప్పే.

ముందు చెట్టు సంగతి చెబుతాను. మామూలు ఆపిల్ చెట్టు మన జామ చెట్టులాగే నాలుగు వైపులా కొమ్మలు చాపుకుని పెరుగుతుంది. చిన్న పెరట్లో ఒక్కటి వేస్తే ఇంక బట్టలు ఆరేసుకోవడానికి కూడా చోటుండదు. కానీ స్తంభంలా నిటారుగా, పక్క కొమ్మలు దాదాపు లేకుండా పెరిగే రకం ఒకటుంది. అక్కడి నర్సరీల వాళ్లు దాన్ని కాలమ్నర్ ఆపిల్ అంటారు. బొప్పాయి కాయలు మానుని అంటిపెట్టుకుని ఎలా కాస్తాయో చూశారుగా? దీని కాయలూ అలాగే కాండం వెంబడే కాస్తాయి. పదేళ్లకి ఎనిమిది, పది అడుగుల ఎత్తు అవుతుందేమో గానీ, వెడల్పు మాత్రం అడుగున్నర, రెండడుగులు మించదు. చెట్టుకీ చెట్టుకీ మధ్య రెండు మూడు అడుగులు వదిలితే చాలు.

ఇది ఎవరో కూర్చుని తయారు చేసింది కాదు. 1960లలో కెనడాలోని కెలోనా దగ్గర ఒక తోటలో, మెకింటాష్ అనే రకం పాత ఆపిల్ చెట్టుకి ఒక కొమ్మ మిగతా వాటిలా కాకుండా గుబురుగా, పొట్టి కణుపులతో పెరుగుతూ కనిపించింది. దాని నుంచి అంట్లు కట్టారు. ఆ తోట వారి ఇంటిపేరు కలిపి మెకింటాష్ విజిక్ అని పేరు పెట్టారు. తరవాత ఇంగ్లండులో కెంట్ ప్రాంతంలోని ఈస్ట్ మాలింగ్ పరిశోధన కేంద్రం వాళ్లు దాన్ని మంచి రుచిగల ఇతర రకాలతో సంకరపరిచారు. 1980ల చివర్లో బొలేరో, పోల్కా, వాల్ట్జ్ అని నాట్యాల పేర్లు పెట్టి, అన్నిటినీ కలిపి బాలెరీనా చెట్లు అని అమ్మకానికి పెట్టారు. సన్నగా, నిటారుగా నిలబడే నర్తకి అని వాళ్ల ఉద్దేశం.

కొనేటప్పుడు ఒక్కమాట అడిగి తెలుసుకోండి. మామూలు ఆపిల్ మొక్కనే కత్తిరించి ఒంటికాడగా నిలబెట్టి అమ్మేవీ ఉంటాయి. అవీ బాగానే కాస్తాయి. కాకపోతే వాటిని ఏటా కత్తిరిస్తూనే ఉండాలి. పుట్టుకతోనే నిలువుగా పెరిగేది కావాలని స్పష్టంగా చెప్పండి.

ఇక నా సంగతి. మా అమ్మాయి వాళ్లు మిల్టన్ కీన్స్‌లో ఉంటారు. 2022 ఏప్రిల్లో నేను మొదటిసారి వెళ్లాను. కొత్తగా కట్టిన ఇళ్ల వరస, వెనకాల గచ్చు చేసిన చిన్న జాగా, చుట్టూ చెక్క దడి. "అమ్మా, మనిషి నిలబడేంత చోటు చాలట" అంటూ ఒక ఆదివారం ఈ మొక్కని కారులో పడుకోబెట్టి తీసుకొచ్చింది. ఇద్దరం కలిసి పెద్ద కుండీలో నాటాం. మొదటి ఏడాది పూసిన నాలుగు పూలూ తుంచెయ్యమన్నాను. లేత మొక్క ముందు వేళ్లు పెంచుకోవాలి గదా.

2023లో చెట్టు నిండా పూలు. గులాబీ రంగు మొగ్గలు, విచ్చుకుంటే తెలుపు. అమ్మాయి రోజూ ఫోటోలు పంపేది. జూన్ వచ్చేసరికి శనగగింజంత పిందెలు పచ్చబడి రాలిపోయాయి. ఒక్కటీ నిలవలేదు. 2024లోనూ అంతే. ఆ జూన్లో ఫోనులో మాట్లాడుతూ, పొయ్యి మీద పప్పు చూసుకుంటూ, "ఇంక అది గొడ్డుపోయిందేమోనే, పీకేసి ఇంకోటి తెచ్చుకో" అనేశాను.

అవతల నుంచి మాట లేదు. కాసేపయ్యాక, "అలా అనకమ్మా. దానికేం కావాలో మనకి తెలియట్లేదంతే" అని ఫోను పెట్టేసింది.

అమ్మాయికి పెళ్లయి అప్పటికి ఏడేళ్లు. ఇంక నేను వివరంగా చెప్పక్కర్లేదు. మీరూ ఆడవాళ్లే, మీకు తెలుసు. పెళ్లిళ్లలో, పేరంటాల్లో, చుట్టాలు అడిగిన అడ్డమైన ప్రశ్నలకి పిల్ల ఎన్నిసార్లు తల వంచుకుందో పక్కనే ఉండి చూసినదాన్ని. వాళ్ల మీద మండిపడినదాన్ని. ఆ మాట నా నోటే వచ్చింది. చెట్టుని అన్నానే గానీ పిల్లని కాదు కదా అని సర్ది చెప్పుకోబోయాను గానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ తరవాత వారానికి మళ్లీ అమ్మాయే ఫోను చేసింది. దడి అవతలి ఇంగ్లీషు పెద్దావిడ చెట్టుని చూసి, "పాపం, దీనికి తోడు లేదా?" అని అడిగిందట. అసలు విషయం అదీ! ఆపిల్ పువ్వులో ఆడభాగం, మగభాగం రెండూ ఉంటాయి. అయినా తన పుప్పొడి తనకి దాదాపుగా పనికిరాదు. వేరే రకం ఆపిల్ చెట్టు, అదే రోజుల్లో పూసేది, దగ్గరలో ఉండాలి. తేనెటీగలు దీని మీదా దాని మీదా వాలాలి. అప్పుడే పిందె నిలుస్తుంది. పాత ఊళ్లలో ఏదో ఒక ఇంట్లో ఆపిల్ చెట్టు ఉంటుంది గనక ఇబ్బంది ఉండదు. వీళ్లవి కొత్త ఇళ్లు. వీధి మొత్తానికీ ఒక్క పళ్ల చెట్టు లేదు. చెట్టులో లోపం లేదు, మనమే దాన్ని ఒంటరిగా పెట్టాం.

నాకు సిగ్గేసింది. గుమ్మడికీ కాకరకీ మగపువ్వు కోసి ఆడపువ్వుకి అద్దమని ఈ పేజీలోనే మీకెన్నిసార్లు రాశానో! ఆపిల్ దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఏమైందో మరి.

2024 నవంబరులో రెండో చెట్టు తెచ్చారు. ఇక్కడ జాగ్రత్త. అదే రకం రెండోది తెస్తే లాభం లేదు. ఒకే రకం చెట్లన్నీ ఒకే చెట్టు నుంచి కట్టిన అంట్లు కదా, రెండూ ఒకటే లెక్క. వేరే రకం కావాలి, పూత సమయం కలవాలి. నర్సరీలో అడిగితే చెబుతారు. చోటు ఉంటే క్రాబ్ ఆపిల్ అనే చిట్టి ఆపిల్ చెట్టు కూడా తోడుగా పనికొస్తుంది.

ఇక పెంపకంలో గుర్తుంచుకోవలసినవి చెబుతాను, రాసి పంపించండి.

నాటడం: మట్టి లేకుండా వేళ్లతో అమ్మే మొక్కలైతే అక్కడ నవంబరు నుంచి మార్చి లోపు, ఆకు రాలి నిద్రలో ఉన్నప్పుడు నాటాలి. కుండీలో పెరిగిన మొక్క ఎప్పుడైనా ఫరవాలేదు. అంటు కట్టిన చోట చిన్న బొడిపె ఉంటుంది. అది మట్టిపైనే ఉండాలి. పూడ్చేస్తే పై భాగం తన సొంత వేళ్లు వేసుకుని అదుపు తప్పుతుంది.

కుండీ: అడుగున్నర వెడల్పు ఉండాలి. అడుగున చిల్లులు తప్పనిసరి. చెట్టు నిలువు, కుండీ చిన్నది అయితే గాలికి పడిపోతుంది. బరువైన కుండీ తీసుకుని, గట్టి కర్ర పాతి, మెత్తటి గుడ్డతో వదులుగా కట్టండి. రోజుకి ఆరు గంటలైనా ఎండ తగలాలి.

నీళ్లు, ఎరువు: ఎండాకాలంలో కుండీ చెట్టుకి రోజూ నీళ్లు పొయ్యాలి. వాన పడింది కదా అని ఊరుకోకండి, ఆకుల గుబురు మీద పడ్డ వాన కుండీలోకి దిగదు. వేలు గుచ్చి చూడండి. వసంతం మొదట్లో పైమట్టి రెండంగుళాలు తీసి కొత్త కంపోస్టు వెయ్యాలి. పొటాష్ ఉన్న ఎరువు కాస్త ఇవ్వాలి. రెండు మూడేళ్లకోసారి కుండీ మట్టి మార్చాలి.

పూత: ఏప్రిల్, మే నెలల్లో పూస్తుంది. రాత్రి మంచు పడేలా ఉంటే పల్చటి గుడ్డ కప్పండి. పొద్దున్నే తీసెయ్యడం మరిచిపోకండి, లేకపోతే తేనెటీగలు ఎలా వస్తాయి? పూత మీద మందులు అసలు కొట్టకూడదు.

పిందెల పలచన: జూన్లో కొన్ని పిందెలు వాటంతట అవే రాలతాయి. అది సహజం. ఆ తరవాత గుత్తికి ఒకటి రెండు ఉంచి మిగతావి తుంచెయ్యాలి. ప్రాణం ఒప్పదు గానీ తప్పదు. ఆశపడి అన్నీ ఉంచితే కాయ చిన్నదవుతుంది, పైగా మరుసటి ఏడు చెట్టు అలిసిపోయి కాపు మానేస్తుంది. ఈ నిలువు చెట్లకి ఏడు విడిచి ఏడు కాసే గుణం కొంచెం ఎక్కువే.

కత్తిరింపు: పెద్ద పనేం లేదు. ఎప్పుడైనా పక్క కొమ్మ వస్తే వేసవి చివర రెండు మూడు మొగ్గలు ఉంచి కత్తిరించండి.

చీడ: లేత చిగుళ్లకి పేను పడుతుంది. సబ్బు నీళ్లతో కడిగితే పోతుంది. కాండం మీద తెల్లటి దూదిలా కనిపిస్తే అది దూదిపేను. పాత టూత్‌బ్రష్‌ని సబ్బు నీళ్లలో ముంచి రుద్దండి.

కోత: కాయని అరచేతిలోకి తీసుకుని కొద్దిగా పైకెత్తి మెల్లగా తిప్పండి. తయారైతే తొడిమతో సహా చేతిలోకి వచ్చేస్తుంది. రాకపోతే వదిలెయ్యండి, లాగకండి.

ఇదంతా చదివి, "మరి మన హైదరాబాదులో, విజయవాడలో మేడ మీద పెట్టుకోవచ్చా?" అంటారు. ఆశ పెట్టను. ఆపిల్ చెట్టు చలికాలం నిద్రపోవాలి. చాలా రకాలకి 7 డిగ్రీల లోపు చలి 800 నుంచి వెయ్యి గంటలు తగిలితేగాని సరిగా పూయవు. ఈ నిలువు చెట్లూ ఆ కోవలోవే. మన దగ్గర ఆకులు వేస్తాయి తప్ప కాయవు. తక్కువ చలితో సరిపెట్టుకునే రకాలు వేరే ఉన్నాయి. హిమాచల్ ప్రదేశ్‌లో బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ గారు వేడి ప్రాంతాలకి పనికొచ్చే హెచ్.ఆర్.ఎం.ఎన్-99 రకం తయారు చేశారు. ఆయనకి 2025లో పద్మశ్రీ కూడా వచ్చింది. తెలంగాణలో ఆసిఫాబాద్ జిల్లా ధనోరాలో ఒక రైతు పెంచిన ఆపిల్ తోట 2020లో కాపుకొచ్చింది. అవి మాత్రం కొమ్మలు చాపే మామూలు చెట్లు. మేడ మీద కుండీకి మనకి నిమ్మ, దానిమ్మ ఉన్నాయి, హాయిగా అవి పెట్టుకోండి.

పోయిన ఏడు, అంటే 2025 ఆగస్టులో మళ్లీ వెళ్లాను. గాలికి రాలిన పుల్ల కాయలు మూడు, వంటింటి గట్టు మీద పెట్టి ఉంచింది అమ్మాయి. పారేస్తామా? పప్పు చేశాం. మీరూ చెయ్యండి, ఇక్కడ బజార్లో దొరికే పచ్చ ఆపిల్‌తో బాగుంటుంది.

ఆపిల్ పప్పు: కందిపప్పు ఒక కప్పు, పుల్ల ఆపిల్స్ రెండు, పచ్చిమిర్చి నాలుగు, పసుపు, ఉప్పు. తాలింపుకి నూనె, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఇంగువ, కరివేపాకు. పప్పు ముందు మెత్తగా ఉడికించండి. పులుపు ముందే వేస్తే పప్పు ఉడకదు, మామిడికాయ పప్పుకి లాగే. ఆపిల్ దెబ్బ తగిలిన చోట చెక్కేసి, తొక్కతోనే ముక్కలు కోసి, పచ్చిమిర్చి, పసుపు వేసి కొద్ది నీళ్లలో అయిదు నిమిషాలు ఉడికిస్తే చాలు. మరీ ఉడికితే ముక్క కరిగిపోతుంది. పప్పు, ఉప్పు కలిపి ఒక్క పొంగు రానిచ్చి తాలింపు పెట్టండి. పులుపు చాలకపోతే దించాక నిమ్మచెక్క పిండండి. మా అల్లుడు మామిడికాయే అనుకున్నాడు.

సెప్టెంబరులో మొదటి చెట్టుకి పదకొండు పళ్లు దిగాయి. రెండో చెట్టు పూలు ఉంచి పిందెలు తుంచేశాం, పసిది కదా. ఒక పండు దేవుడి దగ్గర, రెండు దడి అవతలి పెద్దావిడకి. పళ్లు కోస్తున్నప్పుడు అమ్మాయితో, "ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సిందే" అన్నాను. "దేని గురించమ్మా?" అంది గానీ, దానికి తెలుసు. నా చేతిలో పండు తీసుకుని తుడిచి, సగం కోసి ఇచ్చింది.

ఆ తరవాత ఏమైంది, అమ్మాయికి ఏమైనా విశేషమా అని అడగబోతున్నారు కదూ? చూశారా, ఆ ప్రశ్న మనకి ఎంత సులువుగా నోటికొస్తుందో! చెట్టు కాసిందని మాత్రమే చెబుతాను. మిగతాది దాని ఇష్టం, చెప్పాలనిపించినప్పుడు అదే చెబుతుంది. మీ ఇంట్లోనూ పూసి కాయని చెట్టు ఉంటే, దాన్ని ఏదో ఒక మాట అనేముందు, దానికేం తక్కువైందో ఒకసారి చూడండి. చెట్టునైనా సరే.

వచ్చే వారం కుండీలో దానిమ్మ కాయ పగలకుండా నీళ్లు ఎలా పొయ్యాలో చెప్పుకుందాం.