లెన్సు పెట్టుబడి అయితే రాబడి ఏదండీ?

కెమెరా లెన్సు మీద పెట్టే డబ్బుని పెట్టుబడి అనడం మానేద్దాం. అది ఖర్చు. మంచి ఖర్చే కావచ్చు, ముచ్చటైన ఖర్చే కావచ్చు, కానీ ఖర్చు. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇవాళ పెందలాడే వంట ముగించి కూర్చున్నాను.

మీ ఇళ్ళల్లోనూ వినే ఉంటారు. "బాడీదేముంది, నాలుగేళ్ళకి పాతబడిపోతుంది. లెన్సు అలా కాదు, జీవితాంతం ఉంటుంది. డబ్బు పెడితే లెన్సు మీదే పెట్టాలి." మావారు అంటారు, మా మరిది అంటాడు, మా అపార్ట్‌మెంట్లో మెడలో కెమెరా వేసుకున్న ప్రతి మగవాడూ అంటాడు. అందరూ ఒకే బళ్ళో చదువుకున్నట్టు అవే మాటలు, అదే వరసలో.

నేను బి.ఏ. తెలుగు చదివినదాన్ని. మాట దగ్గర పేచీ పెట్టుకోవడం నాకు అలవాటే. పెట్టుబడి, రాబడి, దిగుబడి, ఇవన్నీ ఒక ఇంటి అక్కచెల్లెళ్ళు. పొలం మీద పెట్టుబడి అంటే వెనకాలే దిగుబడి నడిచి రావాలి. కొట్టు మీద పెట్టుబడి అంటే సాయంత్రానికి గల్లాపెట్టెలో చప్పుడు వినపడాలి. అందుకే మావారు "అది ఖర్చు కాదోయ్, పెట్టుబడి" అన్నప్పుడు "అయితే రాబడి ఏ నెల నుంచి వస్తుందండీ?" అని అడిగాను. నవ్వేసి ఊరుకున్నారు. నేను మాత్రం లెక్కల పుస్తకంలో ఖర్చుల వైపే రాశాను.

ఈ మాట మీద నాకెందుకింత పట్టుదల అంటే, మా కింది ఫ్లాట్ అమ్మాయి సంగతి చెప్పాలి. ఇంట్లో జాకెట్లు కుడుతుంది. చేతి నిండా పని. పీకో, ఓవర్‌లాక్ కోసం ప్రతిసారీ బజారుకి ఇచ్చి తెప్పించుకుంటోంది. ఆ మిగిలేదేదో నాకే మిగులుతుంది కదా, ఓవర్‌లాక్ మిషను కొనుక్కుంటాను అంది. "ఇప్పుడు అనవసరపు ఖర్చులొద్దు" అన్నాడు భర్త. అదే నెలలో ఆయన రెండో లెన్సు వచ్చింది. అది పెట్టుబడిట! కుట్టుమిషను ఖర్చు, లెన్సు పెట్టుబడి. నెల తిరిగేసరికి డబ్బు తెచ్చేదానికి ఒక పేరు, బీరువాలో కూర్చునేదానికి ఇంకో పేరు. మాటలు అటూ ఇటూ మారిపోతే డబ్బు కూడా అటే పోతుంది. ఇది కెమెరా గొడవ కాదు అనుకునేరు, కెమెరా గొడవే. ఏ ఇంట్లోనైనా ఇంత పెద్ద మొత్తం ఇంత తేలిగ్గా, ఇంత గౌరవమైన పేరుతో బయటికి వెళ్ళే దారి ఇంకొకటి చూపించండి.

మనం బంగారం కొంటే తరుగెంత, మజూరీ ఎంత అని లెక్కలు చెప్తారు కదూ. లెన్సుకి తరుగు లేదా? బిల్లు కొట్టి బయట మెట్టు దిగేసరికి అది సెకండ్ హ్యాండు. గొలుసైతే తరుగు పోయినా గ్రాములు మిగులుతాయి, ఏ వీధిలో అడిగినా ఆ రోజు ధర చెప్తారు. లెన్సుని తిరిగి అమ్మబోతే, మీ కంపెనీ కెమెరా ఉన్నవాడే కావాలి, వాడికి ఆ లెన్సే కావాలి, అప్పటికి ఆ వరస బతికుండాలి.

ఆ చివరి మాట కాస్త విడమరిచి చెప్తాను. మిక్సీ జార్లు చూడండి. జారు చెక్కు చెదరకుండా ఉంటుంది, కింద మోటారు కాలిపోతుంది. వేరే కంపెనీ మిక్సీ తెస్తే పాత జారు దాని మీద కూర్చోదు. కెమెరాకీ అంతే. లెన్సు వెనక, బాడీ ముందు ఉండే ఆ గుండ్రటి ఇనప కట్టుని మౌంటు అంటారు. కానన్ మౌంటు వేరు, నికాన్ వేరు, సోనీ వేరు. బిగించేటప్పుడు తిప్పే దిక్కు కూడా కానన్‌ది ఒకటి, నికాన్‌ది దానికి ఎదురు. కాబట్టి మొదటిరోజు కెమెరా కొన్నప్పుడే ఆ ఇంటికి కోడలిగా వెళ్ళినట్టు. తర్వాత కొనే ప్రతి లెన్సూ ఆ కట్టుని ఇంకాస్త బిగిస్తుంది.

పోనీ ఆ ఇల్లైనా స్థిరంగా ఉంటుందా? కానన్ 1987లో ఈఎఫ్ మౌంటు తెచ్చింది. అంతకుముందు ఎఫ్‌డీ లెన్సులు కొనుక్కున్నవాళ్ళ సామాను కొత్త కెమెరాలకి పట్టలేదు. 2018లో అదే కానన్ మిర్రర్‌లెస్ కోసం ఆర్ఎఫ్ అని ఇంకో మౌంటు తెచ్చింది. మధ్యలో 2012లో ఈఓఎస్ ఎం అని చిన్న కెమెరాలు తెచ్చి, వాటికో వేరే మౌంటు పెట్టి, తర్వాత ఆ వరసే ఆపేసింది. నికాన్ 1959 నుంచి నడుపుతున్న ఎఫ్ మౌంటు పక్కన 2018లో జెడ్ వచ్చింది, ఇప్పుడు కొత్తవన్నీ అందులోనే. 2011లో నికాన్ వన్ అని ముచ్చటగా తెచ్చినది 2018కల్లా మూతబడింది. సోనీ 2006లో మినోల్టా వాళ్ళ కెమెరాల వ్యాపారంతోపాటు ఏ మౌంటు తీసుకుంది, 2010లో ఈ మౌంటు తెచ్చింది, 2021 వచ్చేసరికి ఏ మౌంటు కెమెరాలు అమ్మడం మానేసింది. జీవితాంతం, జీవితాంతం అంటారే, ఎవరి జీవితమండీ అది?

అడాప్టర్లున్నాయిగా అంటారు. ఉన్నాయి, కాదనను. కానన్ పాత ఈఎఫ్ లెన్సులు అడాప్టరు మీద కొత్త ఆర్ఎఫ్ కెమెరాలకి చక్కగా పనిచేస్తాయి. నికాన్‌లో మోటారు లెన్సులోనే ఉన్న రకాలకి నికాన్ అడాప్టరుతో ఇబ్బంది లేదు. కానీ మోటారు లేని పాత లెన్సులకి ఆ అడాప్టరుతో ఆటో ఫోకస్ రాదు, చేత్తో తిప్పుకోవాలి. ఈ మోటారు తిరకాసు కొత్తదేం కాదు. నికాన్ డీ3000, డీ5000 వరస కెమెరాల బాడీలో ఫోకస్ మోటారు లేదు. చవగ్గా వస్తోంది కదా అని వాటికి 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 డీ అనే లెన్సు కట్టబెట్టిన కొట్టువాళ్ళూ ఉన్నారు. ఇంటికొచ్చి చూస్తే ఫోకస్ కదలదు. పెట్టె మీద డీ అని ఉందా, ఏఎఫ్-ఎస్ అని ఉందా అని చూడాలని ఎవరు చెప్తారు మనకి?

ఇంకొకటి. మాది కాకినాడ. సముద్రం గాలి, దానికితోడు ఆషాఢం నుంచి కార్తీకం దాకా గోడలే చెమర్చే ఊరు. ఈ తేమలో లెన్సు లోపలి అద్దం మీద ఫంగస్ పడుతుంది, సాలెగూడు దారాల్లా. మొదట్లో కనపడదు. ముదిరితే అద్దం మీది పూత తినేస్తుంది, తుడిచినా మచ్చ పోదు. మరి మనవాళ్ళు చేసేదేమిటి? ఖరీదైనది కదా అని సంచీలో చుట్టి, బీరువాలో పెట్టి, తాళం వేస్తారు. చీకటి, తేమ, గాలి ఆడని చోటు, ఫంగస్‌కి ఇంతకన్నా ఏం కావాలి! ఆవకాయ జాడీకి తేమ తగలకుండా ఏడాదంతా కాపాడే మనల్ని ఒక్కమాట అడిగితే చెప్పమూ? రబ్బరు అంచున్న గట్టి మూత డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టడం, ఆ జెల్ రంగు మారగానే వేడి చేసి ఆరబెట్టడం, వారానికోసారి లెన్సు బయటికి తీసి వాడటం, ఇంతే. ఎక్కువ సామాను ఉన్నవాళ్ళకి డ్రై క్యాబినెట్లని కరెంటుతో నడిచేవి వస్తున్నాయి. చూశారా, పెట్టుబడిని కాపాడటానికి ఇంకో పెట్టుబడి!

అసలు ఇంట్లో మనకి కావలసిన ఫోటోలేమిటి? పిల్ల పుట్టినరోజు, అత్తగారు పూజ దగ్గర కూర్చోవడం, సంక్రాంతి ముగ్గు, నలుగురూ కలిసి భోంచెయ్యడం. అన్నీ పది, పన్నెండడుగుల గదుల్లో, ఒక ట్యూబులైటు వెలుగులో. అందరూ 50 ఎం.ఎం. కొనమంటారు. మంచి లెన్సే, చవకే, పెట్టెలో వచ్చే 18-55ని చివరిదాకా జూమ్ చేస్తే వచ్చే వెలుతురుకి దాదాపు తొమ్మిది, పది రెట్లు లోపలికి తీసుకుంటుంది. కానీ మనం కొనే మామూలు కెమెరాల సెన్సారు చిన్నది. దాని మీద 50 పెట్టి పది అడుగుల దూరం నుంచి చూస్తే అడ్డంగా ఐదడుగులు కూడా పట్టదు. నలుగురు పక్కపక్కన నిలబడితే చివరివాళ్ళు పోతారు, వెనక్కి జరుగుదామంటే గోడ. 35 ఎం.ఎం. పెడితే ఆరున్నర అడుగులు దాటి పడుతుంది. పెట్టెలో వచ్చిన 18-55నే 18 దగ్గర పెడితే పదమూడు అడుగులు. ఈ లెక్క టేపు పెట్టి గది కొలిచే ఆడదానికి తెలుస్తుంది. అడవిలో పులిని తియ్యడానికి పనికొచ్చే కిలోన్నర బరువు జూమ్ లెన్సు గురించి కలలు కనే మనిషికి తెలియదు. మా ఊళ్ళో పులి లేదు. కోరింగలో కొంగలున్నాయి, వాటిని చూడటానికి మేము రెండేళ్ళకోసారి వెళ్తాం.

పెళ్ళి ఫోటోలు తీసేవాళ్ళ విషయం వేరు. లక్ష దాటిన ఎఫ్ 2.8 లెన్సు వాళ్ళకి నాలుగు ముహూర్తాల సీజన్లో అన్నం పెడుతుంది. అది పెట్టుబడి, నూటికి నూరుపాళ్ళు. వాళ్ళు కూడా ఎప్పుడోగానీ వాడనివి అద్దెకి తెచ్చుకుంటారు. హైదరాబాదు లాంటి పెద్ద ఊళ్ళల్లో రోజు లెక్కన లెన్సులు అద్దెకిస్తారు. కొంగల కోసం మనకూ ఆ దారి ఉంది.

ఇక నాకు అన్నిటికన్నా మంట పుట్టించేది. ఇంత పెట్టుబడి పెట్టాక కెమెరా ఎవరి చేతికి ఇస్తారు? "నువ్వు ముట్టుకోకు, సెట్టింగులు పోతాయి." పిల్ల మొదటి అడుగు దగ్గర్నుంచి స్కూలు డాన్సు దాకా మనం ఫోన్లో తీసినవే ఇంటి చరిత్ర. పెద్ద కెమెరా తిరుపతికో, ఊటీకో బయటికొస్తుంది. అందులో మనం కొండ ముందు నిలబడి నవ్వుతుంటాం. ఆడవాళ్ళకి యంత్రం తెలియదంటే నాకు హోమాయ్ వ్యారావాలా గుర్తొస్తారు. మన దేశపు తొలి మహిళా ప్రెస్ ఫోటోగ్రాఫర్, 1913లో పుట్టారు. చీర కట్టుకుని స్వాతంత్ర్య దినాల ఢిల్లీనంతా ఫోటోలు తీశారు. మొదట్లో ఆవిడ తీసినవి భర్త పేరు మీద అచ్చయ్యాయి. పద్మవిభూషణ్ వచ్చేసరికి 2011. ఆవిడ వాడిన వాటిలో రోలీఫ్లెక్స్ ఒకటి. దానికి లెన్సు మార్చుకునే వీలే లేదు. ఉన్న ఒక్క లెన్సుతో ముందుకీ వెనక్కీ నడిచి తియ్యాల్సిందే.

కాబట్టి, ఏ కంపెనీ కొనాలక్కా అని అడిగేవాళ్ళకి నా జవాబు. ఇంటి డబ్బుతో కొంటుంటే కొట్టుకి మీరూ వెళ్ళండి. సేల్స్ కుర్రాడు "సార్, చూడండి" అంటూ ఆయన చేతికే ఇస్తాడు. మీరు అడిగి తీసుకోండి. లెన్సుతో సహా ఒక్క చేత్తో పట్టుకుని, చూపుడువేలు బటన్ దాకా హాయిగా వెళ్తోందా, ఐదు నిమిషాలకి మణికట్టు లాగుతోందా చూడండి. రెండో చేత్తో పిల్లని పట్టుకోవాల్సింది మీరే. మీ ఊళ్ళోగానీ పక్క ఊళ్ళోగానీ ఆ కంపెనీ సర్వీసు సెంటరుందో లేదో కనుక్కోండి. సోనీ ఈ మౌంటుకి సిగ్మా, టామ్రాన్ లాంటి బయటి కంపెనీల లెన్సులు బోలెడు దొరుకుతాయి. కానన్ ఆర్ఎఫ్‌లో చిన్న సెన్సారు కెమెరాలకి ఆ రెండు కంపెనీలూ లెన్సులు ప్రకటించింది 2024లోనే. ధర దగ్గర ఈ తేడా తెలుస్తుంది. బొమ్మ నాణ్యత అంటారా, ఈ రోజుల్లో మన ముగ్గుకీ మన పిల్లకీ మూడు కంపెనీలూ చాలినంత బాగా తీస్తాయి. ఆ విషయంలో సినిమా హీరోల అభిమానుల్లా కొట్టుకునేవాళ్ళని కొట్టుకోనివ్వండి.

అన్నిటికన్నా ముందు మీ వదినో, తోడికోడలో ఏది వాడుతోందో కనుక్కుని, వీలైతే అదే మౌంటు కొనండి. నా తోడికోడలి దగ్గర నికాన్ ఉంది, నా దగ్గరా నికానే. నా 35 ఆవిడ మనవరాలి బారసాలకి రాజమండ్రి వెళ్ళింది, ఆవిడ పెద్ద జూమ్ ఈ డిసెంబరుకి కొంగల కోసం మా ఇంటికొస్తోంది. సెకండ్ హ్యాండులో కొనేటట్టయితే ఒక టార్చి పట్టుకెళ్ళండి. లెన్సు వెనక నుంచి వెలుగు వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడండి. దారాలు కనపడితే, ఎంత తగ్గించి ఇస్తానన్నా తీసుకోకండి.